పొగను పాతిపెడితే నేల ఊరుకుంటుందా?

సిమెంట్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి భూమి లోపలికి పంపేస్తే వాతావరణం బాగుపడుతుందంటున్నారు. మరి భూకంపాలొస్తే? జగ్గయ్యపేట, నందిగామ వాళ్లు ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు అడగాలో చూద్దాం.

ఒక సిమెంట్ బస్తా బరువు 50 కిలోలు. ఆ బస్తా తయారయ్యేలోపు గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్ సుమారు 30 కిలోలు. మీ ఇంటికి ఐదొందల బస్తాలు పట్టాయనుకోండి, గోడలు లేచేసరికి 15 టన్నుల గ్యాస్ పైకి పోయినట్టే. రంగు లేదు, వాసన లేదు, కంటికి కనపడదు. అందుకే దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

చిల్లకల్లు టోల్‌గేట్ నుంచి కీసర టోల్‌గేట్ దాకా హైవే మీద ఒక్కసారి బండి మీద వెళ్లండి. ఎదురొచ్చే సిమెంట్ లారీల లెక్క మధ్యలోనే తప్పుతుంది. కృష్ణా జిల్లా మెట్ట అంటే ఒకప్పుడు పత్తి, మిర్చి, సుబాబుల్. ఇప్పుడు కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా అయిన ఈ మెట్టకి ఇంకో గుర్తింపు సున్నపురాయి. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ. కృష్ణ దాటినా, తెలంగాణ సరిహద్దు దాటి మేళ్లచెరువు వైపు వెళ్లినా మళ్లీ సిమెంటే. ఎందుకంటే కింద ఉన్న రాయి ఒకటే. కోట్ల ఏళ్ల నాటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది.

ఈ ఫ్యాక్టరీల గ్యాస్‌ని ఏం చేయాలన్న ప్రశ్నకి ప్రపంచమంతా వినిపిస్తున్న జవాబు ఒకటుంది. పట్టుకో, నొక్కు, భూమిలో దాచెయ్. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో సీసీఎస్. వినడానికి భలే సింపుల్. కానీ నేల కింద ప్రెజర్ పెరిగితే ఏం జరుగుతుందన్నది పులిచింతల పక్కన బతికేవాళ్లకి కొత్త ప్రశ్నేం కాదు.

సోలార్ పెట్టినా పోని గ్యాస్

ముందు ఒక డౌట్ తీర్చుకుందాం. ఫ్యాక్టరీ మొత్తాన్నీ సోలార్ కరెంట్‌తో నడిపితే ఈ గొడవ ఉండదు కదా?

ఉంటుంది. సిమెంట్‌లో అసలు చిక్కు కరెంట్ కాదు, కెమిస్ట్రీ. ఇంటర్‌లో చదివిన ఈక్వేషనే. సున్నపురాయిని బాగా కాల్చితే సున్నం, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాల్చితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల గ్యాస్ పోతుంది. బొగ్గుతో కాల్చినా, కరెంట్‌తో కాల్చినా ఆ 44 మారదు. సిమెంట్ తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం ఇలా రాయి లోంచి వచ్చేదే. మిగతాది ఇంధనం వాటా.

అందుకే కరెంట్ ప్లాంట్ల కన్నా సిమెంట్‌కే సీసీఎస్ అవసరం ఎక్కువ. కరెంట్‌కి ఎండ ఉంది, గాలి ఉంది. సున్నపురాయికి బదులు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్లో హైడెల్‌బర్గ్ కంపెనీ సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ 2025 జూన్‌లో పెద్ద స్థాయి క్యాప్చర్ ప్లాంట్ మొదలైంది. ఏటా 4 లక్షల టన్నులు పట్టాలన్నది లెక్క. అంటే ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో దాదాపు సగం. పట్టిన గ్యాస్‌ని ద్రవంగా మార్చి, ఓడలో తీసుకెళ్లి, సముద్రం అడుగు నుంచి ఇంకా 2,600 మీటర్ల కింద ఉన్న రాతి పొరల్లోకి పంపుతారు.

మన దేశం 2070కి నెట్ జీరో అని మాటిచ్చింది. కార్బన్‌ని పట్టడం, వాడటం, దాచడం మీద నీతి ఆయోగ్ 2022 నవంబర్‌లోనే ఒక విధాన నివేదిక విడుదల చేసింది. సిమెంట్ రంగంలో కార్బన్‌ని పట్టి వాడుకునే ఐదు టెస్ట్‌బెడ్‌లని కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2025లో ప్రకటించింది. కాబట్టి ఈ మాట ఇవాళ కాకపోతే రేపు జగ్గయ్యపేట దాకా వస్తుంది. వచ్చాక తెలుసుకోవడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది.

గ్యాస్‌ని దాచడం అంటే గుహలో నింపడం కాదు

చాలామంది ఊహించుకునేది భూమి కింద పెద్ద గుహ, అందులో గ్యాస్ అని. అలా ఉండదు. ఇసుకరాయిని దగ్గరగా చూస్తే ఇసుక రేణువుల మధ్య సందులుంటాయి. లోతుకి వెళ్తే ఆ సందుల్లో ఉప్పునీరు నిండి ఉంటుంది. ఆ నీటిని పక్కకి నెట్టి కార్బన్ డయాక్సైడ్ చోటు చేసుకోవాలి. అది పైకి రాకుండా పైన షేల్ లాంటి గట్టి, సందులు లేని పొర ఒకటి మూతలా ఉండాలి.

లోతు కనీసం 800 మీటర్లు కావాలి. అక్కడి ఒత్తిడికి, వేడికి ఈ గ్యాస్ ద్రవమంత చిక్కగా అయిపోతుంది. అప్పుడు తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది.

ఎంత చోటు? మనకి అలవాటైన టీఎంసీల్లో చెప్పుకుందాం. చిక్కబడ్డ కార్బన్ డయాక్సైడ్ ఒక ఘనపు మీటరుకి సుమారు 700 కిలోలు తూగుతుందనుకుంటే, 10 లక్షల టన్నులకి 14 లక్షల ఘనపు మీటర్లు కావాలి. ఏడాదికి 10 లక్షల టన్నుల చొప్పున ఇరవై ఏళ్లు పంపితే మొత్తం ఒక టీఎంసీ. పులిచింతల పూర్తి సామర్థ్యం 45.77 టీఎంసీలు. దాని ముందు ఒక టీఎంసీ ఎంత అనిపిస్తుంది కదా?

తేడా ఎక్కడుందో చూడండి. జలాశయంలో నీళ్లు నేల మీద ఉంటాయి. ప్రతి పది మీటర్ల నీటికి అడుగున ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది, అంతే. ఇక్కడ మాత్రం కిలోమీటర్ల లోతులో, అప్పటికే ఉప్పునీటితో నిండి ఉన్న రాయిలోకి పంపు పెట్టి నెడుతున్నాం. బావి దగ్గర ఒత్తిడి పదుల అట్మాస్ఫియర్ల దాకా పెరగొచ్చు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

వంటింటి గట్టు మీద ఒక చిన్న భూకంపం

స్టీలు గ్లాసుని వేడినీళ్లతో కడిగి, తడిగా ఉన్న గ్రానైట్ గట్టు మీద బోర్లించండి. ఒక్కోసారి అది తనంతట తానే జరుగుతుంది. ఎవరూ తోయలేదు. లోపల చిక్కుకున్న గాలి వేడెక్కి, వ్యాకోచించి, గ్లాసుని కొంచెం పైకి ఎత్తింది. గట్టుకి, గ్లాసుకి మధ్య పట్టు తగ్గింది. ఏ కొంచెం వాలున్నా చాలు, జారింది.

భూమిలోనూ సరిగ్గా ఇదే. లోతులో పాత పగుళ్లు ఉంటాయి. రెండు పక్కల రాళ్లని ఖండాల కదలిక ఎప్పట్నుంచో తోస్తూనే ఉంటుంది. అయినా అవి జారకుండా నిలబడటానికి కారణం పై రాతి బరువు వాటిని గట్టిగా అదిమి పట్టడమే. ఆ పగులులోకి నీళ్లో, గ్యాసో ఒత్తిడితో చేరితే, అది లోపలి నుంచి రెండు పక్కలనీ విడదీసేలా తోస్తుంది. అదుము తగ్గుతుంది, పట్టు సడలుతుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పగులైతే జారిపోతుంది. ఆ జారుడే భూకంపం.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒకటే. భూకంపానికి కావాల్సిన శక్తి మనం పంపే గ్యాస్‌ది కాదు. అది భూమి ఎప్పట్నుంచో దాచుకున్నది. మనం చేసేది ట్రిగ్గర్ నొక్కడమే. అందుకే ఎంత పంపారన్నది ఒక్కటే కాదు, ఎక్కడ పంపారు, ఎంత వేగంగా పంపారు, దగ్గర్లో ఎలాంటి పగులుంది అన్నది కూడా ముఖ్యం.

2020 జనవరి 26, తెల్లవారుజామున

ఆ రిపబ్లిక్ డే నాడు తెల్లవారుజామున సుమారు రెండున్నర గంటలకి జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల జనం నిద్రలోంచి లేచి రోడ్ల మీదికొచ్చారు. రిక్టర్ స్కేలు మీద సుమారు 4.6. కేంద్రం తెలంగాణలోని సూర్యాపేట జిల్లా చింతలపాలెం మండలం వైపు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఆ ప్రాంతంలో సీస్మోగ్రాఫ్‌లు పెట్టి గమనించింది. ఆ ఒక్కటే కాదు, ముందూ వెనకా వందలకొద్దీ చిన్న ప్రకంపనలు వచ్చాయి. దొండపాడు లాంటి ఊళ్లలో జనం రాత్రుళ్లు ఇంటి బయట పడుకున్నారు.

చింతలపాలెం పులిచింతల జలాశయం పక్కనే ఉంది. 2019 వర్షాకాలంలో కృష్ణకి భారీ వరదలొచ్చి పులిచింతల నిండింది. ఆ చలికాలంలోనే ఈ ప్రకంపనలు. నీళ్ల వల్లేనా? క్వారీ పేలుళ్ల వల్లా? లేక అక్కడి పాత పగుళ్ల సహజ కదలికేనా? ఊళ్లలో మొదలైన ఆ వాదన ఇప్పటికీ ఆగలేదు.

జలాశయం భూకంపాన్ని రేపగలదన్న విషయంలో మాత్రం వాదన లేదు. మహారాష్ట్రలో కొయనా డ్యామ్‌కి 1962లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబర్ 11న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 200 మంది చనిపోయారు. జలాశయం రేపిన భూకంపాల్లో ప్రపంచంలోనే పెద్దదిగా దాన్ని చెప్తారు. దాని మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నది మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలే.

ఇంకో సంగతి. కొయనా ఉన్నది దక్కన్ నల్లరాయి మీద, అంటే బసాల్ట్ మీద. కార్బన్ డయాక్సైడ్‌ని దాచడానికి మన దేశంలో పరిశీలించిన రాళ్లలో ఆ బసాల్ట్ ఒకటి. ఎన్‌జీఆర్‌ఐ దాని మీదా పరిశోధనలు చేసింది. ఒకే రాయి, ఒకే సంస్థ, రెండు వైపులా అనుభవం. ఈ విషయంలో మనం బయటి దేశాల వైపే చూడక్కర్లేదు.

మరి ఎక్కడైనా వచ్చాయా?

ఇప్పటిదాకా కార్బన్ డయాక్సైడ్ దాచిన చోట్ల పెద్ద విధ్వంసం జరగలేదు. ఇది ముందు చెప్పడం న్యాయం.

ఉత్తర సముద్రంలో నార్వే భాగంలో ఉన్న స్లెయిప్నర్ అనే చోట 1996 నుంచి ఏటా 10 లక్షల టన్నులకి కాస్త అటూ ఇటూగా పంపుతూ వచ్చారు. అక్కడి ఇసుకరాయి మెత్తనిది, విశాలమైనది. ఒత్తిడి సులువుగా పంచుకుంటుంది. చెప్పుకోదగ్గ ప్రకంపనలు లేవు.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం డెకేటర్‌లో 2011 నుంచి 2014 దాకా 10 లక్షల టన్నులు 2.1 కిలోమీటర్ల లోతుకి పంపారు. వేలకొద్దీ సూక్ష్మ ప్రకంపనలు నమోదయ్యాయి. పెద్దది 1.2 మాత్రమే. మనిషికి తెలీనంత చిన్నవి. పులిచింతల పక్కన వచ్చిన 4.6తో పోల్చితే 1.2లో విడుదలయ్యే శక్తి లక్షో వంతు కన్నా తక్కువ.

అయినా డెకేటర్ నేర్పిన పాఠం ఒకటుంది. ఆ ప్రకంపనల్లో చాలా భాగం గ్యాస్ నింపిన ఇసుకరాయికి కింద, అడుగు రాతిలో ఉన్న చిన్న పగుళ్ల దగ్గర వచ్చాయి. ముందు చేసిన సర్వేల్లో ఆ పగుళ్లు కనపడలేదు. తర్వాత రెండో బావికి గ్యాస్‌ని కాస్త పై పొరలోకి పంపారు. మధ్యలో గట్టి పొర అడ్డం ఉండటంతో ప్రకంపనలు బాగా తగ్గాయి. అంటే ఒకే ఊళ్లో, ఒకే గ్యాస్‌తో, లోతు కొంచెం మార్చితేనే ఫలితం మారింది.

అల్జీరియాలో ఇన్ సాలా దగ్గర 2004 నుంచి 2011 దాకా దాదాపు 38 లక్షల టన్నులు పంపారు. నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బినట్టు ఉపగ్రహాలు పట్టేశాయి. మూత పొర మీద అనుమానాలు రావడంతో 2011లో ఆపేశారు.

టెక్సస్‌లో కాగ్‌డెల్ అనే చమురు క్షేత్రం ఉంది. అక్కడ చమురుని బయటికి తోయడానికి కార్బన్ డయాక్సైడ్‌తో సహా గ్యాస్‌లు పంపారు. 2006 నుంచి 2011 మధ్య వచ్చిన భూకంపాలకి అదే కారణమై ఉండొచ్చని 2013లో ఒక పరిశోధన చెప్పింది. వాటిలో పెద్దది 4.4. విశేషమేమంటే, పక్కనే అలాంటి గ్యాసే పంపిన ఇతర క్షేత్రాల్లో అలా జరగలేదు. మళ్లీ అదే మాట. ఎక్కడ పంపామన్నదే తేడా.

ఆపేస్తే ఆగదు

సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా అప్‌డేట్ తేడా కొడితే వెనక్కి తీసేస్తాం. ఐదు నిమిషాల్లో పాత వెర్షన్ నడుస్తుంది. భూమికి ఆ సదుపాయం లేదు.

ఇలాంటి ప్రాజెక్టుల్లో ట్రాఫిక్ సిగ్నల్ లాంటి పద్ధతి ఒకటి వాడతారు. ప్రకంపనలు చిన్నవైతే పచ్చ, పంపు నడవొచ్చు. కాస్త పెరిగితే పసుపు, వేగం తగ్గించాలి. హద్దు దాటితే ఎరుపు, ఆపేయాలి. చదవడానికి బాగుంది. చరిత్ర చూస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది.

అమెరికాలో డెన్వర్ దగ్గర సైన్యం తన రసాయన వ్యర్థ జలాల్ని 1962 నుంచి 3,600 మీటర్లకి పైగా లోతున్న బావిలోకి పంపింది. భూకంపాలు మొదలయ్యాయి. 1966 ఫిబ్రవరిలో ఆపేశారు. అన్నిటికన్నా పెద్దది 1967 ఆగస్టులో వచ్చింది. ఆపేసిన ఏడాదిన్నరకి!

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో భూమి వేడితో కరెంట్ తీయాలని నీళ్లు పంపారు. 2006 డిసెంబర్ 8న పంపు ఆపిన కొన్ని గంటలకి 3.4 తీవ్రతతో నగరం అదిరింది. ఆ ప్రాజెక్టు మళ్లీ లేవలేదు.

స్పెయిన్ తీరంలో కాస్టర్ అనే చోట పాత చమురు క్షేత్రంలో సహజవాయువుని నిల్వ చేయబోయారు. 2013 సెప్టెంబర్‌లో వందలకొద్దీ ప్రకంపనలు వచ్చి ఆపేశారు. ఆపిన రెండు వారాలకి 4 దాటిన భూకంపాలు. ప్రాజెక్టు మూతపడింది. కంపెనీకి 135 కోట్ల యూరోల పరిహారం. ఆ భారం చివరికి స్పెయిన్ జనం నెత్తిన పడింది.

దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబర్ 15న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడి జియోథర్మల్ బావుల్లోకి ఆఖరిసారి నీళ్లు పంపి అప్పటికి దాదాపు రెండు నెలలు. బావుల్లోకి నెట్టిన నీళ్లే కారణమని ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం 2019 మార్చిలో తేల్చింది.

ఈ నాలుగూ కార్బన్ డయాక్సైడ్ కేసులు కావు. కానీ పగులుకి లోపలికి వచ్చింది నీళ్లా, గ్యాసా అన్నది ముఖ్యం కాదు, దానికి తెలిసింది ఒత్తిడి ఒక్కటే. పంపు ఆపినా అప్పటికే లోపల ఉన్న ఒత్తిడి నెమ్మదిగా పాకుతూనే ఉంటుంది. పగులు దగ్గరికి చేరడానికి దానికి గంటలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. మనం స్విచ్ ఆపేసినా ఆ సంగతి పగులుకి తర్వాతెప్పుడో గానీ తెలీదు.

ఇల్లు కూలడం కన్నా మూత పగలడం

2012లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మార్క్ జోబ్యాక్, స్టీవెన్ గోరెలిక్ ఒక పేపర్ రాశారు. వాళ్ల భయం ఇళ్లు కూలతాయని కాదు. చిన్న, మధ్యస్థ భూకంపం వచ్చినా మూత పొర బీటవారి, దాచిన గ్యాస్ నెమ్మదిగా పైకి రావొచ్చు. అప్పుడు పెట్టిన ఖర్చంతా వృథా. భూమి పైపొర చాలాచోట్ల జారడానికి సిద్ధంగానే ఉందని, పెద్ద మొత్తంలో దాయడం రిస్కుతో కూడిన పని అని వాళ్లన్నారు.

ఎమ్‌ఐటీ శాస్త్రవేత్తలు వెంటనే జవాబిచ్చారు. భూకంపాలొచ్చే ప్రాంతాల్లోనే చమురు, గ్యాస్ లక్షల ఏళ్లుగా మూత కింద భద్రంగా ఉన్నాయి కదా అన్నారు. మెత్తని పొరలు పగలకుండా సాగుతాయన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఇద్దరూ ఒప్పుకునేది ఒకటే: చోటు ఎంచుకోవడంలోనే అంతా ఉంది.

మరి పేట కింద దాస్తారా?

సూటిగా చెప్పాలంటే, జగ్గయ్యపేట, నందిగామల కింద ఈ పనికి సరైన రాయి లేదు. పైన ఉన్నది కడప బేసిన్‌కి చెందిన పాత సున్నపురాయి, పలకరాయి. సందులు దాదాపు లేని గట్టి రాళ్లు. వాటి కింద గ్రానైట్ లాంటి అడుగు రాయి. డెకేటర్‌లో ఇబ్బంది పెట్టింది సరిగ్గా అలాంటి అడుగు రాతిలోని పగుళ్లే. పైగా పక్కనే పులిచింతల. కాబట్టి ఎవరైనా ఇక్కడే బోరు వేసి గ్యాస్ పంపుతామంటే నమ్మకండి.

ఇక్కడ పట్టిన గ్యాస్‌ని ఎక్కడికైనా తరలించాలి. తూర్పున చూస్తే కృష్ణా గోదావరి బేసిన్. చమురు, గ్యాస్ దొరికిన ఇసుకరాళ్లు అక్కడున్నాయి. నల్లరాయి అంటే కొవ్వూరు పక్కన పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే రాయి లాంటిదే. ఐస్‌లాండ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లలో కలిపి అలాంటి రాయిలోకి పంపితే, రెండేళ్లలోపే 95 శాతానికి పైగా రాయిగా మారిపోయిందని 2016లో ప్రకటించారు. రాయిగా మారితే ఇక పైకి రాదు. అయితే అదే ప్రాంతంలో హుస్ములి దగ్గర జియోథర్మల్ ప్లాంట్ వాడిన నీటిని తిరిగి భూమిలోకి పంపినప్పుడు 2011 అక్టోబర్‌లో 4 తీవ్రతతో ప్రకంపనలొచ్చాయి. మంచి రాయైనా ఒత్తిడి లెక్క తప్పితే ఊరుకోదు.

ఇక తరలించాలంటే పైప్‌లైన్. అప్పుడు మెట్ట ఊళ్లకి భూకంపం కన్నా దగ్గరి రిస్కు అదే. 2020 ఫిబ్రవరి 22న అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర వానలకి నేల జారి కార్బన్ డయాక్సైడ్ పైప్‌లైన్ తెగింది. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు. పల్లంలోకి పాకింది. 45 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఆక్సిజన్ చాలక కార్లు కూడా ఆగిపోయాయి. మునేరు, పాలేరు పల్లాల్లో ఉన్న ఊళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

లాగ్ లేకపోతే నిజం లేదు

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట, విజయవాడల్లోనూ నేల కదిలింది. అది గోదావరి లోయలో సహజంగా వచ్చిందే. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అంటే ఏ ప్రాజెక్టూ లేకపోయినా మన నేల అప్పుడప్పుడూ కదులుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. రేపు తెలుగు నేల మీద ఎక్కడో గ్యాస్ పంపడం మొదలైంది. రెండో ఏడు 3.5 తీవ్రతతో ఊరు అదిరింది. కంపెనీ అంటుంది, ఇది సహజం, ఇక్కడ ఎప్పుడూ వచ్చేవే. ఊరంటుంది, మీరొచ్చాకే మొదలైంది. ఎవరిది నిజం? ప్రాజెక్టుకి ముందు రెండు మూడేళ్ల పాటు అక్కడ సీస్మోగ్రాఫ్‌లు పెట్టి రోజువారీ లెక్క రాసి ఉంటేనే తేలుతుంది. లేదంటే పులిచింతల లాగే వాదన ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోపు గోడల్లో పడ్డ నెర్రెలకి పరిహారం ఎవరూ ఇవ్వరు.

నేను రోజూ చేసే పని సర్వర్లని కాపలా కాయడం. మా దగ్గర మొదటి రూల్ ఒకటే. మానిటరింగ్ పెట్టకుండా ఏదీ లైవ్‌లోకి వెళ్లదు. అడ్డం తిరిగాక లాగ్స్ ఆన్ చేస్తే, అంతకుముందు ఏం జరిగిందో ఎప్పటికీ తెలీదు. ఒక వెబ్‌సైట్‌కే ఇంత జాగ్రత్త పడుతున్నప్పుడు కిలోమీటర్ల లోతున్న రాతికి ఎంత పడాలి?

కొత్త సిమెంట్ ప్లాంట్‌కి, పెద్ద గనికి పర్యావరణ అనుమతి కావాలంటే మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో ఉన్న పద్ధతి అది. షామియానా, కలెక్టరేట్ నుంచి వచ్చిన అధికారి, ముందు వరసలో కాంట్రాక్టర్లు, వెనక్కి వెళ్లేకొద్దీ ఖాళీ కుర్చీలు. కుర్రాళ్లు వెళ్లరు. వెళ్లాలి. కార్బన్ పట్టడం, తరలించడం, దాచడం అన్న మాట ఆ మైకులో వినపడ్డ రోజున ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, గ్యాస్ ఎక్కడికి పోతుంది, ఏ రాతిలోకి, ఎంత లోతుకి? అడుగు రాయికీ దానికీ మధ్య అడ్డు పొర ఉందా?

రెండు, పంపు మొదలుకాకముందు ఎన్నేళ్ల ప్రకంపనల రికార్డు ఉంది? ఎవరు తీశారు?

మూడు, ఒత్తిడి ఎంత దాటితే ఆపుతారు? ఆ హద్దుని కంపెనీ కాకుండా ఇంకెవరైనా చూస్తారా? ఒత్తిడి తగ్గించడానికి ఉప్పునీటిని బయటికి తోడే బావులున్నాయా? ఆస్ట్రేలియాలోని గోర్గన్ ప్రాజెక్టులో ఆ బావులు ఇసుకతో పూడుకుపోయి, అనుకున్నంత గ్యాస్ పంపలేకపోయారు.

నాలుగు, సీస్మోగ్రాఫ్ డేటా ఊరివాళ్ల ఫోన్‌లో కనపడుతుందా? జాతీయ భూకంప కేంద్రం వాళ్ల భూకంప్ యాప్‌లో దేశంలో వచ్చే భూకంపాలు ఇప్పటికే చూడొచ్చు. ప్రాజెక్టు డేటా కూడా అలాగే బయట పెట్టడానికి టెక్నాలజీ అడ్డం కాదు.

ఐదు, పంపు ఆపేశాక ఎన్నేళ్లు కాపలా ఉంటారు? కంపెనీ చేతులు మారితే బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నలు ప్రాజెక్టుని ఆపడానికి కాదు. వేడి పెరుగుతోంది, సిమెంట్ కావాలి, ఆ 44 కిలోల గ్యాస్‌కి ఏదో దారి చూడాలి. మే నెలలో పేటలో ఒక మధ్యాహ్నం గడిపినవాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సరైన రాయి, నెమ్మదైన పంపు, దాపరికం లేని లెక్క, ఈ మూడూ ఉన్నచోట ఈ పని పాతికేళ్లకి పైగా సాఫీగా నడిచింది కూడా.

కాకపోతే వరస ముఖ్యం. ముందు కొలత, తర్వాత పంపు. పులిచింతలలో నీళ్లు ముందు నిండాయి, దొండపాడు వైపు సీస్మోగ్రాఫ్‌లు తర్వాత వచ్చాయి. ఈసారి ఆ వరస తిరగబడాలి.